నెత్తురు చూపులు

ఆ పొద్దున ఆకాశంలో పడమటి వైపు ఒకే ఒక్క మబ్బు తునక నిలబడి ఉంది. ఎడారిలో ఉన్న మా తిన్‌వెరాన్ లోయలో దాన్ని చూసి ఎవరూ సంతోషించలేదు. కిందటేడు ఇలాంటి తునకే ఒకటి వచ్చి, దాని వెనక దాని బలగమంతా వచ్చి, మా తాతలు కూడా ఎరగని వాన కురిసింది. ఇసుకలో చెరువులు నిలిచాయి. చెరువుల మీద దోమలు లేచాయి. సూడి గొర్రెలు నెలలు నిండకుండానే పిల్లల్ని పారేశాయి. ఆ గొర్రెల్ని పట్టుకున్న చేతులకీ, పాలు పితికిన చేతులకీ జ్వరం ఎక్కింది. కొందరు లేచారు, కొందరు లేవలేదు. అందుకని ఆ మబ్బుని మేము పోలీసు జీపుని చూసినట్టు చూస్తూ నిలబడ్డాం.

మబ్బు కదలకముందే రేడియో మాట్లాడింది.

"దేశ చరిత్రలో మొట్టమొదటిసారిగా, ఆరోగ్యశాఖ మంత్రిగారి దూరదృష్టి ఫలితంగా, ప్రభుత్వం ప్రజల నెత్తుటిలోకి ప్రవేశిస్తోంది! జ్వరం సోకిన ప్రాంతాల్లో ఇంటింటా యాంటీబాడీ సర్వే జరుగుతుంది. దాని ఫలితాన్ని బట్టి గొర్రెల సంతల మీద నిర్ణయం తీసుకుంటారు."

అంతకుముందు ప్రభుత్వం మా ఊళ్లోకే ప్రవేశించి ఎరగదు. రోడ్డు లేదు గనక వచ్చే వీలు లేదని చెప్పేది. అలాంటిది ఏకంగా నెత్తుట్లోకి వస్తానందంటే మంత్రిగారి పట్టుదల ఎలాంటిదో పాఠకులే ఊహించుకోవాలి.

ఆ మాటల్లో మాకు వినపడింది మాత్రం ఒకటే, సంత. మా లోయకి బయటికి పోయే దారి ఒక్కటే, రెండు రాతిగుట్టల నడుమ. జ్వరం రోజుల్లో అక్కడ రెండు డ్రమ్ములు పెట్టి, అడ్డంగా ఒక దుంగ వేసి, సాంబా అనే జవానుని కాపలా ఉంచారు. మనుషులు పోవచ్చు, గొర్రె పోకూడదు. దుంగకి అవతల సంత. ముందు బక్రీదు. ఏడాది పొడుగునా మేపిన పొట్టేళ్లు ఆ పండగకి ముందు అమ్ముడుపోతేనే మాకు ఏడాదికి సరిపడా గింజలు. పండగ దాటాక పొట్టేలుని ఎవడూ కొనడు, అది తినే మేత ఖర్చు తప్ప మనకి ఏమీ మిగలదు.

అందరికన్నా మా అక్క తెక్బర్‌కి ఇది ముఖ్యం. మా బావ ఆ జ్వరంలోనే పోయాడు. ఆయన పక్కన కూర్చుని సేవ చేసినన్నాళ్లూ చేసి, ఆ తర్వాత తనూ పడింది. లేచింది గానీ ఎడమ కన్నులో మసక నిలిచిపోయింది. "ఎదురుగా ఉన్న మనిషి మొహంలో మధ్యన ఒక బొగ్గు ముక్క అంటించినట్టు కనిపిస్తుందిరా" అంటుంది. ఆ కంటితోనే బావ వదిలిపోయిన పొట్టేళ్లని మేపి, సంతకి తయారుచేసింది.

ఇక నా సంగతి. నాకు జ్వరం రాలేదు. మందలో పని చేసినవాళ్లకే వచ్చింది. నాకెందుకు రాలేదో మా అక్క ఒక్క మాటలో చెబుతుంది గానీ అది పత్రికలో రాసేది కాదు. ఊరి బళ్లో కాస్త చదువుకున్నవాణ్ణి గనక గొర్రె వాసనకి దూరంగా, నీడకి దగ్గరగా ఉండడం అలవాటు. దానివల్ల దేశానికి ఎంత మేలు జరిగిందో ముందు ముందు తెలుస్తుంది.

ఆ మధ్యాహ్నమే మా పెద్దాయన షేక్ బూనా తన గుడారంలో అందరినీ కూర్చోబెట్టాడు. ఆయన మాట్లాడేముందు గడ్డం దువ్వుకుంటాడు. ఆ రోజు చాలాసేపు దువ్వుకున్నాడు.

"ప్రభుత్వం మన నెత్తురు చూడ్డానికి వస్తోంది" అన్నాడు. "అవునా?"

"అవును" అన్నాం.

"చూడ్డానికి వచ్చినవాడికి మందలోంచి దేన్ని చూపిస్తాం?"

ఇంత తేలిక ప్రశ్నకి జవాబు చెప్పడం నామోషీ.

"కుంటిదాన్ని చూపిస్తామా? గజ్జి పట్టినదాన్ని చూపిస్తామా? కొమ్ములు తిరిగి, తోక బరువెక్కి, నాలుగు పళ్లు వేసిన పొట్టేలుని దువ్వి ముందు నిలబెడతాం. తక్కినవన్నీ దిబ్బ వెనక్కి తోలేస్తాం. అవునా?"

"అవును పెద్దాయనా."

"అయితే ఇక మాటలెందుకు? లేవండి, మనుషుల్ని చూద్దాం."

గొర్రెల విషయంలో మా షేక్ బూనా చూపుకి సంతలో పేరుంది. ఆయన చెయ్యి వేసిన గొర్రెని బేరగాడు మళ్లీ తడిమి చూడడు. ఆ చూపుతోనే మమ్మల్ని వరసగా నిలబెట్టి చూశాడు. కంటి రెప్పలు కిందికి లాగాడు. చిగుళ్లు చూశాడు. నడిపించాడు, తిప్పి నడిపించాడు. నా దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. నా భుజం పట్టి నొక్కి, వెన్ను తడిమి, పళ్లు చూసి, రెండడుగులు వెనక్కి వేసి తల పంకించాడు.

"ఒరేయ్ దెద్దాహీ, ఇన్నాళ్లూ నువ్వు దేనికి పనికొస్తావో నాకు తెలిసేది కాదురా. సబ్బుతో స్నానం చెయ్యి. రేపట్నుంచి ఎండలోకి రావద్దు."

నా జన్మలో నన్ను ఎవరైనా దేనికైనా ముందు వరసలో నిలబెట్టడం అదే మొదలు. ఛాతీ దానంతటదే ముందుకు వచ్చింది. నాతోపాటు జ్వరం తగలని మరికొద్దిమంది తేలారు. పెద్దాయన ఇద్దరు అల్లుళ్లూ, దర్జీ, ఖురాను బడి పంతులూ. అందరం నీడలో బతికేవాళ్లమే. మా లోయలో ఇంత ఆరోగ్యవంతులు ఇంత తక్కువ పనిచేస్తారని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

అక్క జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. ఒంటికి చుట్టుకున్న మలహఫా అంచు పైకి లాగి చెయ్యి చాపింది.

"పెద్దాయనా, నా చెయ్యి చూపించండి. జ్వరం ఎట్లా ఉంటుందో ఈ చేతికి తెలుసు. వాళ్లు వెతికేది అదే గదా."

"తల్లీ, అదే గదా వాళ్లకి కనపడకూడనిది."

"కనపడకపోతే ఎందుకొచ్చినట్టు వాళ్లు?"

"తెక్బర్, నువ్వు మంచిదానివి. నీ మొగుడు ఇంకా మంచివాడు. రేపు తెల్లారకముందే జ్వరం పడి లేచినవాళ్లందర్నీ వెంటబెట్టుకుని, దగ్గే గొర్రెల్ని కూడా తోలుకుని, పెద్ద దిబ్బ వెనక్కి వెళ్లిపో."

అక్క నా వైపు చూసింది, బాగా ఉన్న కంటితో. "నువ్వు బళ్లో చదువుకున్నావు గదరా. నువ్వు చెప్పు."

నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన ఇంకా నా భుజాన్నే మెచ్చుకోలుగా చూస్తున్నాడు. "పెద్దవాళ్లకి తెలియదా అక్కా" అన్నాను.

మర్నాడు సర్వే దిగింది. ముందు ఒక జీపు, వెనక ఇంకో జీపు, దాంట్లో ఐసు పెట్టె. జట్టుకి పెద్ద డాక్టర్ ఇసల్ము గారు. రాజధానిలో చదివి, అవతలి దేశంలో ఇంకా చదివి వచ్చినవాడు. చిన్న వయసు, పెద్ద కళ్లద్దాలు. ఆయనతో సూదులు పట్టుకుని ఒక నర్సమ్మ.

మేము వాళ్లని గుడారంలో మెత్తల మీద కూర్చోబెట్టి టీ మొదలుపెట్టాం. మా దగ్గర టీ అంటే మూడు గ్లాసులు, మధ్యలో లేవకూడదు. డాక్టరుగారు మొదటి గ్లాసు కాగుతుండగానే పని మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే ఆయన చాలా విడమరిచి చెప్పాడు.

"చూడండి. ఆ జ్వరం ఒకసారి వచ్చి తగ్గినవాళ్ల నెత్తుట్లో, దానితో పోరాడిన కాపలావాళ్లు మిగిలి ఉంటారు. వాళ్లనే యాంటీబాడీలు అంటాం. అవి ఎంతమందిలో ఉన్నాయో తెలిస్తే జ్వరం ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. ఎక్కువమందిలో ఉంటే మంచిదే, జ్వరం తిరిగి వెళ్లిపోయిందని అర్థం. సంత తెరవమని నేనే రాస్తాను. కాబట్టి దయచేసి ఏదీ దాచకండి. జ్వరం పడినవాళ్లు ముందుకు రండి."

పెద్దాయన నా చెవి దగ్గరికి వంగాడు.

"విన్నావురా? అచ్చం బేరగాడి మాట. 'కుంటిది ఉంటే చూపించండి, మాంసం మెత్తగా ఉంటుంది' అంటాడు. చూపించామా, మందంతా కుంటిదేనని సగం రేటు పెడతాడు. నా గడ్డం వీడి లాంటివాళ్ల మధ్యే తెల్లబడింది."

ఆ తర్వాత గట్టిగా, "మా దగ్గర అట్లాంటివి ఏవీ లేవు డాక్టరుగారూ. మావి శుభ్రమైన నెత్తుళ్లు. ఇంకో గ్లాసు" అన్నాడు.

డాక్టరుగారు ఫోను తీశాడు. "ఏ ఇళ్లకి వెళ్లాలో ఇది ర్యాండమ్‌గా చెబుతుంది. మనిషి చెయ్యి పడకూడదు. అదీ శాస్త్రం."

ఫోను ఒక ఇంటిని చెప్పింది. డాక్టరుగారు లేవబోయాడు. రెండో గ్లాసు చేతిలో పెట్టాం. ఆయన దాన్ని ఊదుకుంటూ తాగేలోపల ఆ ఇంటివాళ్లు దిబ్బ వెనక ఉన్నారు, మేము ఆ ఇంట్లో ఉన్నాం. శాస్త్రానికి ఎక్కడా మనిషి చెయ్యి పడలేదు, కాళ్లే పరిగెత్తాయి.

మొదటి ఇంట్లో నేను ఇంటి యజమానిని, నల్ల తలపాగా. కళ్లు తప్ప మొహమంతా చుట్టుకోవడం మా ఆచారం గనక ఎవరికీ ఇబ్బంది లేదు. తర్వాతి ఇంట్లో తెల్ల తలపాగాతో ఆ ఇంటి అల్లుణ్ణి. ఆ తర్వాత నీలం తలపాగాతో యాత్ర నుంచి అప్పుడే తిరిగి వచ్చిన పినతండ్రిని. మధ్యాహ్నానికి నేను చాలామందికి తండ్రినీ, కొందరికి కొడుకునీ అయ్యాను. ఒక ఇంట్లో హడావిడిలో నాకు నేనే బావమరిదినయ్యాను.

ఇంకో ఇంట్లో డాక్టరుగారు నన్ను పరకాయించి చూశాడు.

"మిమ్మల్ని ఎక్కడో చూశాను."

"మా వంశంలో అందరి కళ్లూ ఒకటేనండీ."

"మీ పేరు?"

ఒకసారి దగ్గి, ఆ ఇంటివాడి పేరు చెప్పాను.

"ఇప్పుడే ఏదో ఇంట్లో ఇదే దగ్గు విన్నాను."

"దగ్గు కూడా వంశపారంపర్యమే డాక్టరుగారూ" అన్నాడు పెద్దాయన. "మా ముత్తాత అట్లాగే దగ్గేవాడు."

నర్సమ్మ నా కుడి చెయ్యి తిప్పి చూసి, సూది గుర్తుల మీద వేలు పెట్టి, "ఏమిటివి?" అంది.

"తుమ్మముళ్లు తల్లీ."

"వరసగా గుచ్చుకున్నాయే!"

"కంచె వరసగానే వేస్తాం గదా."

ఆవిడ నా ఎడమ చెయ్యి అందుకుంది. బయట చూస్తే ఎండ, ఐసు కరిగిపోతోంది, గ్లాసు మీద గ్లాసు టీ. సాయంత్రానికి కళ్లు తిరిగి నేను ఒక ఇంటి గుమ్మంలో కూలబడితే, పెద్దాయన నాకు ఖర్జూరాలు పెట్టి, పాలు తాగించి, "ఇంకొక్క ఇల్లు నాయనా, ఆ తర్వాత నువ్వు మళ్లీ పనికిరానివాడివైనా పరవాలేదు" అన్నాడు. అంత ప్రేమగా ఆయన ఏ పొట్టేలుతోనూ మాట్లాడి ఉండడు.

జీపులు వెళ్లాక దిబ్బ వెనకనుంచి జనం వచ్చారు. ఊరి ముఖాలన్నీ పాలిపోయి, మసకబారి, నడుములు వంగి. జ్వరం పడిన ఊరు ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. ఆ ఊరు సర్వేకి కనపడలేదు.

కొంతకాలానికి రేడియో మళ్లీ మోగింది. మంత్రిగారి ప్రెస్‌మీట్. ముందు జాతీయ గీతం వేశారు.

"తిన్‌వెరాన్ లోయలో యాంటీబాడీలు సున్నా శాతం! సున్నా! ప్రపంచమంతా శాతాలు పెంచుకుంటూ పోతుంటే మనం సున్నాని సాధించాం. ఆ లోయలోకి జ్వరం రానే రాలేదని శాస్త్రం రుజువు చేసింది. జ్వరం వచ్చిందని పుకార్లు పుట్టించినవారు సిగ్గుపడాలి!"

మేము ఎవరమూ సిగ్గుపడలేదు. తుపాకులు పైకి కాల్చాం. ఆడవాళ్లు నాలుకలతో జయధ్వానాలు చేశారు. నన్ను భుజాల మీద ఎత్తుకుని బావి చుట్టూ తిప్పారు. లెక్క ప్రకారం మా లోయ జనాభాలో పెద్ద ముక్క నేనొక్కణ్ణే గనక, నన్ను మోసిన నలుగురూ ఊరిని మోసినట్టే. దేశమంతా మెచ్చుకుంటున్న ఆ సున్నాలో నా వాటా ఎంతో తలుచుకుని కళ్లు చెమర్చాయి.

అక్క ఒక్కతే రేడియో పక్కన కూర్చుని ఉంది. "రానే రాలేదట" అంది. "అయితే మీ బావ ఏ ఊరెళ్లాడురా?"

నేను తలపాగా సర్దుకున్నాను.

మర్నాడే పొట్టేళ్లని కడిగి, కొమ్ములకి నూనె రాసి, సంతకి తోలాం. గుట్టల దగ్గర దుంగ అలాగే ఉంది. సాంబా దాని మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. దక్షిణాన నది ఒడ్డువాడు, మంచివాడు. మా పాలు తాగి, మా భాష నేర్చుకున్నాడు.

"ఎక్కడికి పెద్దాయనా?"

"సంతకి. రేడియో వినలేదా తమ్ముడూ? జ్వరం లేదట. దుంగ తియ్యి."

"విన్నాను. సంతోషం. కానీ నాకిచ్చిన ఆర్డరేమిటి? జ్వరం పోయాక దుంగ తియ్యమని. పోయిందని పైనుంచి మాట రావాలి."

"రానే రాలేదంటున్నారు గదయ్యా!"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను. రానిది ఎట్లా పోతుంది?"

పెద్దాయన గడ్డం దువ్వుకోబోయి ఆగిపోయాడు. సాంబా మా బాధ చూడలేక వైర్‌లెస్ తీసి జిల్లా ఆఫీసుని పిలిచాడు. గరగరల మధ్యనుంచి ఒక గొంతు పలికింది.

"ఏ దుంగ?"

"తిన్‌వెరాన్ దుంగ సార్. జ్వరం ఆర్డరు."

"తిన్‌వెరాన్‌లో జ్వరం లేదు. కాబట్టి జ్వరం ఆర్డరూ లేదు. లేని ఆర్డరుని రద్దు చేస్తే ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. మంత్రిగారి ప్రెస్‌మీట్ వినలేదా?"

"విన్నాను సార్. మరి దుంగ తీసెయ్యనా?"

"లేనిదాన్ని ఎట్లా తీస్తావు?"

"మరి నేనేం చెయ్యను సార్?"

"నువ్వెవరు?"

సాంబా వైర్‌లెస్ వైపు చూసి, మా వైపు చూసి, దాన్ని మెల్లిగా కట్టేశాడు. "ఆర్డరు లేదని నేను పక్కకి తప్పుకుంటే, కాపలా వదిలేశానని నన్ను పట్టుకుంటారు" అన్నాడు. "నాకూ పిల్లలున్నారు పెద్దాయనా."

పొట్టేళ్లు దుంగ అవతల గడ్డి వైపు మెడలు చాచి నిలబడ్డాయి. వాటికి రేడియో గురించి ఏమీ తెలియదు. వెనక్కి తోలుకొచ్చాం.

ఇక మిగిలింది డాక్టరుగారే. అసలు సంగతి చెప్పేద్దామని పెద్దాయనా, నేనూ బయల్దేరాం. అక్క తనూ వస్తానంది, వద్దనే మొహం మాకు లేదు. పట్నంలో ఆయన ఆఫీసు కొత్తగా రంగు వేసి ఉంది. గోడకి అద్దాల చట్రంలో పెద్ద సున్నా, కింద మా లోయ పేరు.

నేను రెండు చేతులూ చాపి ఆయన బల్ల మీద పెట్టాను.

"డాక్టరుగారూ, మీరు తీసిన శాంపిళ్లలో చాలా భాగం నేనే. ఇవిగో గుర్తులు. ఇవి తుమ్మముళ్లు కావు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. నా చేతులు చూశాడు.

"మీరు ఒక్కరు కారు" అన్నాడు మర్యాదగా. "రిపోర్టు ప్రకారం మీరు వేర్వేరు వయసులవాళ్లు."

"ఆ వయసులన్నీ నేనేనండీ. ఆ నీలం తలపాగా పినతండ్రిని కూడా నేనే."

"నాకు తెలుసు" అన్నాడాయన, గొంతు తగ్గించి. "దగ్గు విన్నాను గదా. కానీ మంత్రిగారు ప్రెస్‌మీట్ పెట్టేశారు. విదేశాల్లో సభకి నన్ను పిలిచారు. సున్నా అనేది శాస్త్రంలో చాలా అరుదండీ."

"మళ్లీ సర్వే చెయ్యండి నాయనా" అన్నాడు పెద్దాయన. "ఈసారి కుంటివాటిని కూడా చూపిస్తాం. అన్నీ చూపిస్తాం."

"జ్వరం వచ్చిపోయిన చోటే యాంటీబాడీ సర్వే చేస్తాం. రాని చోట ఎట్లా చేస్తామండీ? డబ్బు మంజూరు కాదు."

అక్క ముందుకు జరిగి చెయ్యి చాపింది.

"నాది తియ్యి బాబూ. ఇక్కడే తియ్యి. నీకు కావలసినన్ని దొరుకుతాయి."

డాక్టరుగారు ఆ చేతిని ముట్టుకోలేదు. ఆవిడ మొహం వైపు చూసి లేచి వచ్చాడు. చిన్న టార్చి వెలిగించి ఎడమ కంట్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ కాసేపు ఆయన అవతలి దేశంలో చదువుకుని వచ్చిన డాక్టరు. తర్వాత టార్చి ఆర్పేశాడు.

"దుమ్ము పడింది" అన్నాడు, నా వైపు చూస్తూ. "చల్లటి నీళ్లతో కడుగుతూ ఉండండి."

"కిందటేడు నుంచి కడుగుతూనే ఉన్నాను బాబూ" అంది అక్క.

బయటికి వచ్చేటప్పుడు ఆయన తలుపుదాకా వచ్చి మాకో శుభవార్త చెప్పాడు. పండగ ముందు మంత్రిగారే స్వయంగా మా లోయకి వస్తున్నారట, 'జ్వరరహిత ఆదర్శ లోయ' అని బోర్డు పాతడానికి. "ఆయన నోటిమాట చాలు, దుంగ దానంతటదే లేస్తుంది" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఊరంతా మళ్లీ లేచి నిలబడింది. పండక్కి ఇక మహా అయితే ఒక సంత పడుతుంది. ఆ ఒక్క సంత చాలు. మంత్రిగారు కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుంటూ ఉన్నప్పుడు అడగాలని పెద్దాయన ఆలోచన. తిన్న చేత్తో కాదనేవాడు మా దేశంలో పుట్టలేదు. మంత్రిగారి ముందు పెట్టేది ఆషామాషీ మాంసం కాకూడదు గదా. అక్క మందలోకి వెళ్లి, అన్నిటికన్నా పెద్ద పొట్టేలుని కొమ్ము పట్టి తీసుకొచ్చింది. బావ చేతిమీద పాలు తాగి పెరిగింది అది.

"దీన్ని కొయ్యండి. తక్కినవి దాటితే చాలు."

ఆ రోజు దుంగ పొద్దున్నే లేచింది. వరసగా కార్లు వచ్చాయి. కార్లు రావడానికి లేచిన దుంగని మేము ముచ్చటగా చూశాం. మంత్రిగారు భారీ మనిషి, ఇస్త్రీ చేసిన నీలం దరా అంగీ, చేతిలో జపమాల. బోర్డు పాతారు, కొబ్బరికాయంత రాయితో నేనే పక్కలు బిగించాను. మంత్రిగారు మాట్లాడారు.

"సోదరులారా! మీ నెత్తురు మామూలు నెత్తురు కాదు. దేశంలో ఎక్కడా లేని శుభ్రమైన నెత్తురు. దోమ కుట్టినా దోమే సిగ్గుపడి పోయే నెత్తురు. అలాంటి నెత్తురు ఇచ్చిన వీరుడెవరో చూపించండి!"

పెద్దాయన నన్ను ముందుకు తోశాడు. మంత్రిగారు నా మెడలో శాలువా వేశారు. ఫొటో తీశారు. ఆ ఫొటో మీరు పేపర్లో చూసే ఉంటారు. ఎడమ పక్కన శాలువాలో ఉన్నది నేను. కుడి పక్కన కాస్త దూరంగా, వెలుతురికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఆవిడ మా అక్క. ఫొటో కింద ఆవిడ గురించి ఏమీ రాయలేదు.

చప్పట్లు ఆగాక తాంబాళాలు వచ్చాయి. సన్నటి గోధుమ నూక మీద పొట్టేలు మాంసం, ఎముక నుంచి ఊడివచ్చేలా ఉడికింది, పైన వెన్న, పక్కన చిలికిన పాల గిన్నెలు. ఆవిరి ఊరంతా నిండింది. మొదటి గిన్నె పాలు అక్కే తెచ్చి మంత్రిగారికి రెండు చేతులా అందించింది.

మంత్రిగారు ఆ గిన్నెని చూశారు. తాంబాళాన్ని చూశారు. చెయ్యి గుండెల మీద పెట్టుకున్నారు.

"తల్లీ, మీ ఆప్యాయతతోనే కడుపు నిండిపోయింది."

"ఒక్క గుక్క బాబూ. ఇంటి గొర్రెల పాలే."

"అయ్యో, తెలుసు తల్లీ, తెలుసు" అంటూ మంత్రిగారు ఒక అడుగు వెనక్కి వేశారు.

పెద్దాయన ఇక ఆగలేకపోయాడు. తినకముందే అడిగేశాడు. "అయ్యా, ఆ దుంగ..."

"ఏ దుంగ?" అన్నారు మంత్రిగారు, నవ్వుతూ. "నేను వచ్చేటప్పుడు ఏ దుంగా లేదే!"

అంటూనే కారెక్కారు. వెనకే ఆయనవాళ్లందరూ ఎక్కారు. ప్రయాణమైపోతున్నారేమో అనుకున్నాం, కాదు. అద్దాలు బిగించుకున్నారు. డాక్టర్ ఇసల్ము గారు చివరి కారు వెనక తలుపు తీసి, లోపలనుంచి అట్టపెట్టెలు దించి, ఒక్కో కారుకీ ఒక్కోటి అందించుకుంటూ వచ్చాడు. మంత్రిగారి కారుకి రెండు ఇచ్చాడు. అద్దాల అవతల వాళ్లు రాజధాని రొట్టెలు తుంచుకుని, డబ్బా చేపలు తీసుకుని, సీసాల నీళ్లు తాగుతూ తిన్నారు. టీవీ కెమెరా అబ్బాయి మా ఊరి గొర్రెపిల్లని ముట్టుకున్న చేతిని ఏదో మందుతో మోచేతిదాకా కడుక్కుని అప్పుడు తిన్నాడు.

మేము తాంబాళాల చుట్టూ నిలబడి చూస్తూ ఉన్నాం. డాక్టరుగారు తన పెట్టె చేతిలో పట్టుకుని ఒక్క క్షణం మా వైపు తిరిగాడు. అక్క ఇంకా పాల గిన్నెతో అక్కడే ఉంది. ఆయన తలుపు వేసుకున్నాడు.

కార్లు వెళ్లిపోయాయి. దుమ్ము చాలాసేపు గాల్లో ఉంది. అది దిగేసరికి గుట్టల మధ్య దుంగ కూడా దిగి ఉంది.

సాంబా దుంగ దింపి, తుపాకీ డ్రమ్ముకి ఆనించి, నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. బిందె దగ్గర చేతులు కడుక్కుని పెద్దాయన పక్కన కూర్చున్నాడు. నేను శాలువా తీసి మడిచి మోకాలి కింద పెట్టుకున్నాను. మామూలుగా ఆడవాళ్లు వేరే కూర్చుంటారు, ఆ రోజు అక్క వచ్చి మా తాంబాళం దగ్గరే కూర్చుంది. మంత్రిగారికని తెచ్చిన పాలు తను ఒక గుక్క తాగి, గిన్నె నా చేతికిచ్చింది. నేను తాగి సాంబాకి ఇచ్చాను.

పెద్దాయన మాంసం ముక్కలు విడదీసి ఎవరి ముందుకి వాళ్లకి జరిపాడు. మెత్తని ముక్క అక్క ముందు పెట్టాడు. దొడ్లో తక్కిన పొట్టేళ్లు నూనె రాసిన కొమ్ములతో నిలబడి ఉన్నాయి.

బిస్మిల్లా అని తినడం మొదలుపెట్టాం. తాంబాళం ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవలేదు.